మూత కొలతా, ఏడు రోజుల గడువూ

నాకు జీవితంలో సర్టిఫికెట్ అనేది ఒక్కటీ లేదు. పదో తరగతి లెక్కల పరీక్ష దగ్గర నా చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా స్ప్రేయర్లు విప్పి, బిగించి, పొట్లాలు కట్టిన కాగితాలు కూడా వదలకుండా చదివి, నన్ను నేనే తిట్టుకుంటూ నేర్చుకున్నదే. అందుకే డెబ్బై ఏళ్ళ వయసులో ఒక తాళంచెవి నా చేతికొస్తే దాన్ని పట్టాలాగా చూసుకున్నాను. ఇనుప తాళంచెవి కాదు. ఒక ప్రోగ్రాంలో ఇతరులు పంపిన మార్పుల్ని కలిపే హక్కు. మా ముగ్గురికే ఉండేది. ఈ ఏడు మిరపకోతల్లో నా తాళంచెవికి ముప్పొచ్చింది. తెచ్చిపెట్టింది నేను రాసిన రూలే.

ముందు మూత సంగతి చెప్పాలి. నల్లపాడు స్టేషన్‌కి పోయే రోడ్డు మీద ముప్పై ఏళ్ళు నాకు స్ప్రేయర్ల రిపేరు షాపు ఉండేది. మిరపా, పత్తీ వేసే ఏ రైతూ పురుగుమందుని మిల్లీలీటర్లలో కొలవగా నేను చూడలేదు. డబ్బా మూత తీస్తాడు, ఆ మూతతోనే కొలిచి ట్యాంకులో పోస్తాడు. ఎంత పోశావయ్యా అంటే "రెండు మూతలండీ" అంటాడు. ఏ డబ్బా మూత? ఎన్ని లీటర్ల ట్యాంకు? అవి అడిగితే నన్నో వింతమనిషిలా చూసేవాడు. మూడో రోజు ఆకు మాడితే మాత్రం పంపు భుజానేసుకుని నా షాపుకే వచ్చేవాడు.

"మీ పంపు ఎక్కువ కొట్టేస్తందండీ."

పంపుకేం తెలుసయ్యా, నువ్వు పోసింది అది కొడుతుంది. ఈ మాట నేను కొన్ని వేలసార్లు అని ఉంటాను.

ఒకరోజు మార్టూరు వైపు నుంచి ఒక లెక్కల టీచరు తమ్ముడి పంపు స్కూటీ మీద పెట్టుకొచ్చింది. వాషరు మారుస్తూ నేను యథాప్రకారం మూతల మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె వింటూ వింటూ నా బిల్లు పుస్తకం వెనక నాలుగు గీతలు గీసి, మందూ, ట్యాంకూ, ఎకరాలూ చెబితే ఎంత పోయాలో చెప్పే లెక్క రాసి చూపించింది. "ఇది ఫోన్లో పెట్టొచ్చు బాబాయి గారూ" అంది. చిన్నప్పుడు ఆమెతోపాటు ఒకే చర్చిలో పాటలు పాడిన అతనొకడు చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్‌లో పనిచేస్తున్నాడు. రాయి ఎక్కడ కొయ్యాలో మిషనుకి చెప్పే ప్రోగ్రాములు రాస్తాడు. అతను ఫోన్లో పెట్టాడు. అలా మొదలైంది.

ఓపెన్ సోర్స్ అంటే నాకు మొదట అర్థం కాలేదు. కోపం కూడా వచ్చింది. కష్టపడి చేసినదాన్ని లోపలి మరలతో సహా రోడ్డు మీద పరుస్తారా? తర్వాత తెలిసింది, నా షాపు కూడా అంతే కదా అని. పంపు విప్పి బల్లమీద పెట్టేవాణ్ణి, వచ్చినవాడల్లా వంగి చూసి సలహా చెప్పేవాడు. ఇదీ అదే. లోపల ఏం రాశామో ఎవరైనా చదవొచ్చు, తప్పు దిద్ది పంపొచ్చు. తాళంచెవి ఉన్నవాడు చూసి కలిపితేనే అది అందరి ఫోన్లలోకీ వెళుతుంది. జీతాలు లేవు, ఆఫీసు లేదు. షాపు మూసేశాక నాకు పగలంతా ఖాళీయే కాబట్టి మోటారు విప్పినట్టే ఆ కోడు విప్పాను. ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలిసేసరికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర తర్వాత నాకు తాళంచెవి ఇచ్చారు. ఆ రోజు మా ఆవిడ చేత సేమ్యా పాయసం చేయించుకుని తిన్నాను.

మొదట్లో రూల్సు లేవు. ముగ్గురం మంచివాళ్ళమేగా అనుకున్నాం. ఆ తర్వాత ఎవరెవరో మార్పులు పంపడం మొదలుపెట్టారు. ఎవరో ఒక మహానుభావుడు వాళ్ళ ఊరి మందుల షాపతను చెప్పాడని ఒక మోతాదు మార్చి పంపితే, మా గ్రానైటతను అన్నం తింటూ చూసి, బాగానే ఉందని కలిపేశాడు. టీచరు పట్టుకోబట్టి సరిపోయింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురం మార్టూరులో ఆమె ఇంటి వరండాలో కూచున్నాం.

"అసలు మూతలే వద్దు. మిల్లీలీటర్లు మాత్రమే పెడదాం" అంది టీచరు.

నాకు మండింది. "అమ్మా, పొలంలో కొలగ్లాసు ఎవరి దగ్గరుంటది? నువ్వు పది మిల్లీలని రాస్తావు, వాడు దాన్ని చూసి మళ్ళీ రెండు మూతలే పోస్తాడు. మనం రాసింది మనకోసమా, వాళ్ళకోసమా?"

"అయితే ఏ మూత ఎంతో మనకెట్టా తెలుసుద్ది బాబాయ్?" అన్నాడు గ్రానైటతను.

"కొలవాలి. ఇంజెక్షను సిరంజితో నీళ్ళు తోడి మూతలో పొయ్యి. ఎన్ని మిల్లీలు పట్టిందో చూడు. ఫొటో తియ్యి. మూత ఫొటో, లేబుల్ ఫొటో లేనిదే ఏ మందూ లోపలికి రాకూడదు."

ఆ రూలు నాదే. ఒక ఫైల్లో మొదటి వాక్యంగా ఎక్కింది. రెండోది టీచరుది: ఎవరు పంపిన మార్పునైనా ఇంకొకరు చూసి ఔనన్నాకే కలపాలి.

మూడోదాని దగ్గరే నాకూ వాళ్ళకూ చెడింది. పెద్ద ప్రాజెక్టులన్నీ ఎలా చేస్తున్నాయో చదివొచ్చాడు గ్రానైటతను. రూల్సు మార్చాలన్నా, మనుషుల గురించి ఏదైనా తేల్చాలన్నా చర్చ పేజీలో పెడతారట. ఏడు రోజులు ఆగుతారట. ఎవరూ కాదనకపోతే ఔనన్నట్టేనట.

"ఇదెక్కడి న్యాయం? మన దగ్గర మీటింగులో మాట్లాడనోడు ఒప్పుకున్నోడా? వాడు బయటికొచ్చి టీ తాగుతా మొదలుపెడతాడు తిట్టడం."

"ఆ టీ తాగుతూ తిట్టేదేదో పేజీలో తిట్టమంటున్నాం బాబాయి గారూ" అంది టీచరు.

"ఊరికే తిడితే కుదరదు. కారణం రాయాల. ఏం మారిస్తే ఒప్పుకుంటావో కూడా రాయాల" అన్నాడు అతను.

ఇద్దరు ఒకవైపు, నేనొకవైపు. ఓడిపోయాను. టీ తాగుతూ తిట్టాను.

ఆర్నెల్లు తిరక్కుండానే గ్రానైటతను తన మార్పు తానే కలిపేసుకున్నాడు. మోతాదు కాదులెండి, రంగు. వాళ్ళ ఊరి నల్లరాయి మీద ప్రేమ పొంగి తెరనంతా నల్లగా చేసి, మధ్యలో మెరిసే చుక్కలు పెట్టాడు. గదిలో చూస్తే బ్రహ్మాండంగా ఉంది. మధ్యాహ్నం ఎండలో మిరపచేలో నిలబడి చూస్తే మన మొహం తప్ప ఏమీ కనపడదు. నాకు ఒళ్ళు మండి అప్పటికప్పుడు రూల్స్ ఫైలుకి ఒక వాక్యం రాసి చర్చకు పెట్టాను: తన మార్పు తానే కలుపుకున్నవాడి తాళంచెవిని ఆరు నెలలు వెనక్కి తీసుకోవాలి.

ఏడు రోజులు ఎవరూ కాదనలేదు. అలా నాకు నచ్చని రూలు ప్రకారమే నా రూలు నెగ్గింది. "ఇకనుంచి" అన్న మాట టీచరు చేర్పించింది కాబట్టి అతను తప్పించుకున్నాడు. నేను చాలా రోజులు గొణిగాను.

ఇక ఈ ఏటి సంగతి. మా బావమరిది మూడెకరాల మిరప వేశాడు. మొదటి కోత అయింది, పైన మళ్ళీ పూత నిండుగా ఉంది. పొద్దున్నే ఫోను.

"బావా, పూతలో తామరపురుగు దూరింది. కొత్త మందు తెచ్చా. నీ ప్రోగ్రాంలో దీని పేరే లేదేంది? ఊరంతా చెప్పుకు తిరగతావుగా, ఏదీ?"

"ఒరేయ్, లేబుల్ చదువు."

"కళ్ళజోడు ఇంటికాడుంది." పక్కన కూలీ ఎవరిచేతో చదివించాడు. లీటరు నీళ్ళకు అర మిల్లీ. ఇరవై లీటర్ల ట్యాంకు. అంటే పది మిల్లీలు.

"మూతలెన్నో చెప్పు బావా. మడుసులు పంపులు తగిలించుకుని నా మొహం చూస్తన్నారు. ఎండెక్కితే కొట్టేదేముంది?"

నేను ఆ మందుని ప్రోగ్రాంలో రాశాను. మూత కొలత దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఆగానన్నది నిజం, అది ఇక్కడ రాయాలి. తర్వాత, ఆ సైజు డబ్బాకి ముప్పై ఏళ్ళుగా ఎప్పుడు చూసినా అయిదు మిల్లీల మూతే కదా అనుకున్నాను. నా చేతుల మీదుగా ఎన్ని మూతలు పోలేదు! అయిదని రాశాను. టీచరుకి ఫోను చేశాను. పరీక్ష డ్యూటీలో ఉంది, ఫోను కట్టేసి ఉంది. గ్రానైటతనికి చేశాను. మిషను మోతలో వినపడదు, తీయలేదు. బావమరిది రెండుసార్లు మిస్డ్ కాల్ ఇచ్చాడు. నా మార్పుని నేనే కలిపేశాను. వాడి ఫోన్లో 'రెండు మూతలు' అని వచ్చింది.

మధ్యాహ్నం పరీక్ష అయ్యాక టీచరు పేజీలో రాసింది: "మూత ఫొటో ఏదండీ?"

"ముప్పై ఏళ్ళ ఫొటో నా బుర్రలో ఉంది" అని రాశాను.

"అది పేజీలో పెట్టడం కుదరదు కదండీ" అని రాసింది.

అంతే, నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. దారిలో మెడికల్ షాపులో సిరంజి కొని, ఆటో ఎక్కి చేలోకి వెళ్ళాను. గట్టుమీద కూచుని, సిరంజితో అయిదు మిల్లీల నీళ్ళు తోడి ఆ మూతలో పోశాను. సగం నిండింది. ఇంకో అయిదు పోశాను. నిండింది. మూత తుడిచి మళ్ళీ చేశాను. మూడోసారి కూడా చేశాను, నీళ్ళేమైనా మనసు మార్చుకుంటాయేమోనని. పది మిల్లీలే.

ఎండకి ఆగి మళ్ళీ పంపులు తగిలించుకుంటున్నారు, కానీ పొద్దునే నాలుగు ట్యాంకులు కొట్టేశారు. రెట్టింపు మందు.

బావమరిది ముందు నవ్వాడు. ఆ తర్వాత నా మొహం చూసి ఆపేశాడు.

"ఆపండ్రా పంపులు!" అని అరిచి, నా వైపు తిరిగాడు. "ఇప్పుడేం చెయ్యాల బావా? దీనికి మూతలెన్ని?"

కొట్టిన సాళ్ళ మీద ఉత్త నీళ్ళు కొట్టించాం. చేలోంచే గ్రానైటతనికి మళ్ళీ ఫోను చేస్తే ఈసారి తీశాడు. పది నిమిషాల్లో నా మార్పుని వెనక్కి తీసేసి, మొదటి తెర మీద ఎర్రక్షరాలతో హెచ్చరిక పెట్టాడు. ఇంకెవరి దగ్గర్నుంచీ ఫిర్యాదు రాలేదు. కానీ మూడు రోజులకి ఆ నాలుగు ట్యాంకుల మేరా చిగుళ్ళు అంచుల్లో మాడాయి, పూత రాలింది. బావమరిది రాలిన పూత గుప్పెట్లో తెచ్చి మా ఇంటి బల్లమీద పోసి, మా ఆవిడతో అన్నాడు: "అక్కా, మా బావ కంప్యూటర్ని అడిగి కోసుకొచ్చిన పూలివి. తల్లో పెట్టుకో."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ మర్నాడు చర్చ పేజీలో గ్రానైటతని రాత కనపడింది. మూడే ముక్కలు. రూలు ప్రకారం బాబాయి తాళంచెవి ఆరు నెలలు వెనక్కి. గడువు ఏడు రోజులు. కాదనేవాళ్ళు కారణం రాయండి.

నా వయసేంటి, అతని వయసేంటి! నల్లతెర పెట్టినవాడా నాకు శిక్ష వేసేది? కూచుని రెండు పేజీల అభ్యంతరం రాశాను. అత్యవసరం అన్నాను. ఇద్దరికీ ఫోన్లు చేశానన్నాను. పురుగు ఏడు రోజులు ఆగదన్నాను. మూతల గురించి ఈ జిల్లాలో నాకంటే తెలిసినవాణ్ణి చూపించమన్నాను.

కింద టీచరు ఒక్క ప్రశ్న అడిగింది. "బాబాయి గారూ, ఇదే కారణం వేరేవాళ్ళు రాసి ఉంటే మీరు ఒప్పుకునేవారా?"

జవాబు రాద్దామని కూచున్నాను. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనం వేళదాకా కూచున్నాను. చివరికి, ఒప్పుకునేవాణ్ణి కాదు, నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను అని రాశాను. అది రాయడానికి పట్టిన శ్రమ ఏడాదిన్నర కోడు నేర్చుకోవడానికి కూడా పట్టలేదు.

నేను వెనక్కి తీసుకున్నాను సరే, వేరేవాళ్ళు కాదనొచ్చుగా? మార్పులు పంపేవాళ్ళు పదిమందికి పైగా ఉన్నారు. సగంమంది, మూత కొలిచి పంపడం నేను చెయ్యి పట్టి నేర్పిన రైతులే. ఎవరో ఒకరు "పెద్దాయన, వదిలేద్దాం" అని ఒక్క ముక్క రాయరా? రెండో రోజు చూశాను. లేదు. మూడు, నాలుగు. లేదు. అయిదో రోజు అన్నం తింటూ ఎడంచేత్తో ఫోను చూస్తుంటే మా ఆవిడ, "ఆ పేజీలో ఏమన్నా కోడిగుడ్డు పొదగేశారా?" అంది.

ఆరో రోజు ఉండబట్టలేక టీచరుకి ఫోను చేశాను.

"ఏమ్మా, అందరి నోళ్ళూ పడిపోయినయ్యా? నువ్వు కూడా మాట్లాడవే?"

ఆమె వెనక పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"నేను మాట్లాడితే వద్దు, తాళంచెవి తియ్యొద్దనే అంటానండీ. అందుకే మాట్లాడట్లేదు."

"అనొచ్చుగా!"

"అంటే రేపట్నించి ఆ ఫైల్లో రూల్సుండవు బాబాయి గారూ. మన ముగ్గురి మొహమాటం ఉంటది. మీ బావమరిది లాంటివాళ్ళు మన మొహమాటం నమ్ముకుని మందు కొట్టాలి."

నేను ఫోను పెట్టేశాను. పెట్టేసినందుకు సిగ్గుపడి మళ్ళీ చేసి, ఎక్కాలు కాస్త గట్టిగా చదివించమ్మా అని చెప్పాను.

ఏడో రోజు సాయంత్రం గ్రానైటతనే ఫోను చేశాడు. మిషన్లు ఆపినట్టున్నారు, గొంతు స్పష్టంగా వినపడింది.

"బాబాయ్, గడువు అయిపోయింది. నాకు చేతులు రావట్లేదు."

"నల్లతెర పెట్టినప్పుడు నీ మీద రూలు రాయటానికి నాకు చేతులు వచ్చినయ్యిగా? తియ్యరా."

"కోపంగా ఉన్నావా?"

"ఉన్నా. తియ్యి."

తీశాడు. తెర మీద నా పేరు పక్కనుండే చిన్న తాళంచెవి బొమ్మ పోయింది. మిగతావన్నీ అలాగే ఉన్నాయి. నా పాత మార్పులు, నా తిట్లు, నా రెండు పేజీల అభ్యంతరం, దాని కింద నేను వెనక్కి తీసుకున్న వాక్యం. ఓపెన్ సోర్స్‌లో ఇదో బాధ. చెరిపెయ్యడం ఉండదు.

రెండు రోజులు ఆ పేజీ తెరవలేదు. మూడో రోజు బావమరిది చేలో కోతకెళితే సంగతి బోధపడింది. నేను చెయ్యి పట్టి నేర్పినవాళ్ళలో ఇద్దరు కళ్ళంలో కాయ ఆరబోస్తూ కనపడ్డారు. "తాళంచెవి గొడవంట, ఏందండీ అది? ఇయ్యాల్టిదాకా ఫోను తీస్తే ఒట్టు" అన్నాడొకడు. వాళ్ళు ఒప్పుకుని ఊరుకోలేదు. మిరపకాయల్లో పడి ఊరుకున్నారు. నేను మొదట్నుంచీ మొత్తుకున్నది ఇదే!

ఇంటికొచ్చి, తాళంచెవి లేని మామూలు మనిషిగా చర్చకు పెట్టాను. మిరపకోతల కాలంలో గడువు ఇరవై ఒక్క రోజులు ఉండాలి. మనుషుల గురించి తేల్చే విషయాల్లో మౌనం చాలదు, కనీసం ఇద్దరు ఔనని రాయాలి. కారణం రాశాను. ఏం మారిస్తే ఒప్పుకుంటానో కూడా రాశాను.

"ఇది మీ తాళంచెవికి కూడా వర్తిస్తుందా?" అని అడిగింది టీచరు.

"ఇకనుంచి" అని రాశాను.

ముందు ఆమె ఔనంది. తర్వాత గ్రానైటతను. ఆ మర్నాడు, ఎప్పుడూ ఆ పేజీ మొహం చూడని మా బావమరిది ఎవరిచేతో అకౌంటు తెరిపించుకుని రాశాడు: "ఔను. కోతల్లో ఫోను ఎవడు చూస్తాడు. పూత మళ్ళా వచ్చింది." ఆ చివరి వాక్యం చర్చకు సంబంధం లేనిది. ఎవరూ తీయమనలేదు.

ఇప్పుడు ఆ కొత్త మందుని సక్రమంగా పంపాను. లేబుల్ ఫొటో, పాత మూతా కొత్త మూతా పక్కపక్కన, సిరంజిలో నీటిమట్టం, అన్నీ జతచేశాను. నా మార్పుని నేను కలపలేను కాబట్టి వరసలో పెట్టి కూచున్నాను. నాలుగో రోజు గ్రానైటతను చూసి రాశాడు: "సిరంజి మీద అంకెలు మసగ్గా ఉన్నాయి. మళ్ళీ తీసి పంపండి."

ముప్పై ఏళ్ళ సర్వీసున్న నాకు! ఆ అంకెలు చక్కగానే ఉన్నాయి, కావాలంటే ఎవరికైనా చూపిస్తాను. ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టి చూశాను. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని చూశాను.

రేపు పొద్దున్నే, వెలుతురు బాగున్నప్పుడు, డాబా మీదికెళ్ళి మళ్ళీ తీస్తాను.